నూటికి 15 పాళ్ల నామధేయము

మలక్‌పేట నుండి ఎల్బీనగరు చౌరస్తా వరకు గల రాజమార్గమునకు ఇరుప్రక్కల భవనములే లేవని యెవరైన వాదించినచో నేను వెంటనే ఖండింపజాలను. ఏలయన, అచ్చట కంటికి కనబడునవి బోర్డులే గాని గోడలు కావు. కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, బంగారు అంగళ్లు, కళ్లజోళ్ల దుకాణములు, పంటి డాక్టర్లు, ఒకరి నెత్తిన నొకరుగా ఎక్కించిన ఫ్లెక్సులకును, గ్లోసైన్లకును, ఎర్రని అక్షరములు కుడి నుండి ఎడమకు పరుగెత్తు స్క్రోలింగు బోర్డులకును వెనుక కిటికీలు కలవనియు, ఆ కిటికీల వెనుక మనుష్యులు గాలి పీల్చుచున్నారనియు అనుమాన ప్రమాణముచేతనే గ్రహింపవలెను.

వీటిని అదుపులో నుంచుటకు పురపాలకులు నిన్న మొన్న పూనుకొనలేదు. నేటికిని మహానగర పాలక సంస్థను నడిపించుచున్న 1955 నాటి చట్టమే, వీధిలో నిలిచి చూచువానికి ఆకాశము మీద అచ్చు గ్రుద్దినట్లు కనబడు ప్రకటనల నన్నిటిని అనుమతికి లోబరచుచు, బెలూనులను, పారాచూట్లను గూడ మరువక పేర్కొన్నది. పారాచూటు మీద దిగుచు టైపు ఇన్‌స్టిట్యూటును చాటుకొను వర్తకుని దిల్‌సుఖ్‌నగరున నేనెన్నడు చూచి యెరుగను గాని, చట్టకర్తల దూరదృష్టికి నమస్కరింపక తప్పదు. ఒక్క సంగతి మాత్రము వారికి తోచలేదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్బీనగరు వరకు మెట్రో రైలు నడువ మొదలిడినది. నేడు మా రోడ్డు నడుమ తల యెత్తినవానికి కనబడునది కాంక్రీటు వంతెన యడుగుభాగమే. ఆకాశమే లేనిచోట ఆకాశమున బోర్డు పెట్టితివని యెవని మీద నేరము మోపగలరు?

ఎల్బీనగరు, గడ్డిఅన్నారము మునిసిపాలిటీలు 2007లో మహానగరమున లీనమైనవి. పిదప 2020 ఏప్రిల్ 20వ తేదీన పురపాలక శాఖవారు 68వ నంబరు జీవో వెలువరించిరి. నేలకు 15 అడుగుల పైని ప్రకటన కూడదు; దుకాణము తన పేరు తాను చెప్పుకొను బోర్డు ముఖభాగములో నూటికి 15 పాళ్లు మించరాదు; ఎత్తు దాటినచో దినమునకు లక్ష రూపాయలు, మిణుకు మిణుకుమను దీపములకు దినమునకు 50,000 జరిమానా. చదువరులు తేదీని మరల నొకసారి చిత్తగింతురు గాక. లాక్‌డౌనులో దేశమంతయు తలుపులు బిగించుకొని కూర్చున్న మాసమది. షట్టర్లన్నియు దిగి, పోలీసువారు తప్ప రోడ్డు మీద చదువు నాథుడు లేని యా దినములలో, బోర్డులు మాత్రము తమ పని మానక, నిర్మానుష్యమైన వీధికి ముప్పది దినములలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పెదమని పిలుచుచునే యుండెను. జీవో పుట్టినది సచివాలయమున, అమలు కావలసినది కొత్తపేట సందులలో. నడుమ మేము ఓట్లు వేసి పంపిన కార్పొరేటర్ల పాత్ర యెంతయో వారినే యడుగవలెను.

న్యాయముగా చెప్పవలెనన్న నియమము మంచిదే. ఈదురుగాలి లేచినప్పుడు ఇనుప చట్రము క్రింద బస్సుకై నిలిచినవానికి దాని విలువ తెలియును. చిక్కంతయు వేరొకచోట నున్నది: పేరు ఎచ్చట ముగియును, ప్రకటన యెచ్చట మొదలగును?

మా మేనల్లుడు చైతన్యపురిలో మూడవ అంతస్తున బ్యాంకు పరీక్షల కోచింగు సెంటరు తెరువబూని, బోర్డు నమూనా నాకు చూపెను. పది అడుగుల ఏసీపీ బోర్డులో సంస్థ పేరు జానెడు. తక్కినదంతయు కోర్సుల పట్టిక, రెండు ఫోను నంబర్లు, ‘హాస్టల్ వసతి కలదు’, ‘డెమో క్లాసులు ఉచితం’, ర్యాంకులు సాధించి నవ్వుచున్న యువకుల ఫోటోలు (సంస్థ యింకను తెరువనే లేదని పాఠకులు మరువరాదు). ప్రబంధకవి ఆశ్వాసాంత గద్యలో తండ్రిని, గురువును, బిరుదములను ఏకరువు పెట్టి, యెచ్చటనో తన పేరు ఇరికించినట్లుండెను.

“ఇందులో నీ పేరెంత, పొగడ్త యెంతరా?” అంటిని.

“ఉత్త పేరు చూసి ఎవరొస్తరు మామా? అంతా పేరే అనుకోరాదు.”

వాని వాదములో లోతు లేకపోలేదు. అది ప్రకటన యైనచో 15 అడుగుల క్రిందికి దిగవలెను. దిగినచో క్రింది బంగారు అంగడి నుదుట కూర్చుండును, అంగడివారు ఊరకుండరు. పేరే యైనచో ముఖభాగములో 15 పాళ్లు చాలును. కాని మూడవ అంతస్తునకు ముఖభాగ మెంత? గోడ యంతయు తనదే నని బంగారు అంగడి. కాదు, నాది, బోర్డుకు అద్దె వేరే కట్టుమని ఇంటి యజమాని. ఈ మీమాంస నడుమ టేపు పట్టుకొని వచ్చిన బోర్డుల కుర్రవాడు, “సార్, సైజు తగ్గించుడు నా పని, మ్యాటర్ తగ్గించుడు మీ పని” అని తీర్పు చెప్పెను.

మావాడు మ్యాటరు తగ్గింపలేదు, అక్షరములు చీమలైనవి. వీధి నుండి ఎవరికిని కనబడవు గదరా యనగా, వాడు మెట్రో వంతెనవైపు చూపి, “వీధోళ్ల కోసం కాదు మామా, రైలోళ్ల కోసం. రైలు సరిగ్గ మన అంతస్తు ఎత్తునే పోతది!” అనెను. రైలులోనివారెవ్వరును ఫోను నుండి తల యెత్తరన్న సంగతి నేను వానికి చెప్పలేదు. కుర్రవానికి అడ్వాన్సు అప్పటికే ముట్టియుండెను.