లైటు ఎర్రగా ఉందా సార్?

నెట్ పోయింది. ఫిర్యాదు చేయాలి. ఎక్కడ? యాప్‌లో. యాప్ ఎప్పుడు తెరుచుకుంటుంది? నెట్ ఉంటే! ఈ ఉపాయం ఏ ఏసీ గదిలో పుట్టిందో గానీ, కనిపెట్టిన మహానుభావుడికి రాజమండ్రి పుష్కరాల రేవులో శాలువా కప్పాల్సిందే.

యాప్ రాని పెద్దవాళ్లకు ఫోన్ ఉందిగా అంటారా? ఉంది. ఒకటి నొక్కు, నాలుగు నొక్కు, పాట విను. చివర్న ఓటీపీ చెప్పు. అదెక్కడికి పోతుంది? కనెక్షన్ పెట్టించిన కొడుకు నంబరుకి. కొడుకెక్కడ? డల్లాస్‌లో. అక్కడ అర్ధరాత్రి. అమలాపురంలో తండ్రి మాత్రం పట్టపగలే గోడకెక్కిన నెట్ డబ్బా ముందు నిలబడి ఉంటాడు.

‘లైటు ఎర్రగా ఉందా సార్?’

‘ఆయ్, ఎర్రగానే ఉందండి.’

‘ఆపి, మళ్లీ ఆన్ చేయండి.’

‘చేశానండి.’

‘ఇంకోసారి చేయండి.’

డెబ్బై దాటిన మనిషిని స్టూలెక్కించే ముందు వయసెంతని అడిగారా? మోకాళ్లున్నాయా అని అడిగారా?

ఆ డబ్బా మీద ‘ఎల్ఓఎస్’ దగ్గర ఎర్ర లైటు మిణుకుమంటే, ఫైబర్‌లో రావాల్సిన సిగ్నల్ రావడం లేదని అర్థం. డబ్బా వెనక తీగ ఊడి ఉండకపోతే, నలిగి ఉండకపోతే, తేడా చాలావరకు వీధిలోనే. కొబ్బరి మట్ట పడిందో, లారీ లాక్కుపోయిందో! తెగిన తీగ వందసార్లు స్విచ్ నొక్కినా అతుక్కోదు. ఈ ముక్క కంపెనీకి తెలీదా? తెలుసు. మనిషిని పంపితే ఖర్చు. ముసలాయన చేత స్విచ్ నొక్కిస్తే ఉచితం.

సర్కారు వారి సంబరం వేరు. 2016 డిసెంబరులో మన మోరి గ్రామంలోనే ఫైబర్‌నెట్ పండగ చేశారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ఏడాది తిరక్కుండా రాష్ట్రపతి గారి చేత మళ్లీ ఆరంభోత్సవం. తీగలు కరెంటు స్తంభాలెక్కి ఊళ్లు చుట్టాయి. బాగుంది. రిబ్బన్ కత్తిరించడానికి అంతమంది వచ్చారే, తెగిన తీగ అతకడానికి ఒక్కడు రాడేం?

‘పెద్దవాళ్లకు టెక్నాలజీ రాదండీ’ అని పెదవి విరిచేవాళ్లకు ఇంకో ముచ్చట. 2017లో కేంద్రం గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పెట్టింది. ఆరు కోట్ల ఇళ్లలో ఇంటికొకరికి నేర్పడం లక్ష్యం. అర్హత? 14 నుంచి 60 ఏళ్లు. అరవై ఒకటి నిండాయా? దయచేయండి! నేర్పడానికి పనికిరాని వయసు బిల్లు వేయడానికి ఎలా పనికొచ్చింది?

నవంబరు వస్తే ఇదే పెద్దాయనకు ఇంకో పరీక్ష. పెన్షన్ ఆగకూడదంటే బతికే ఉన్నానని సర్టిఫికెట్ ఇవ్వాలి. బ్యాంకు దాకా శ్రమెందుకు, ఇంట్లోంచే ‘జీవన్ ప్రమాణ్’ యాప్‌లో ముఖం చూపించమంటారు. చూపిస్తాడు, పాపం. నెట్టేదీ? మనిషి బతికే ఉన్నాడు. చచ్చింది మీ తీగ.

ఇంతలో టింగుమని మెసేజ్. ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ ఎవరు పరిష్కరించారు? ఎప్పుడొచ్చారు? కాకికైనా కనబడ్డారా? మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే అద్దెలో రాయితీ ఇవ్వాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. ఆ రాయితీని మీ బిల్లులో ఎప్పుడైనా చూశారా? బిల్లు కట్టే గడువు ఒక్క రోజు దాటితే మన కనెక్షన్ కోయడం మాత్రం వాళ్లకు ఠంచనుగా గుర్తుంటుంది.

అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. ఊరి లైన్ కుర్రాడి నంబరు డబ్బా మీద పెద్దక్షరాల్లో అంటించండి. ఇంట్లో ఉండే మనిషి ఫోన్‌కే ఓటీపీ పంపండి. ఎర్ర లైటు అనగానే నిచ్చెనతో మనిషిని పంపండి. బాగయిందని ఇంటాయన చెప్పాకే ఫిర్యాదు మూయండి.

చేతకాదా? అయితే కంపెనీ ఎండీ గారూ, ఓ పని చేయండి. మీ అమ్మగారింట్లో తీగ పీకేసి, మీ పేరు చెప్పకుండా మీ కాల్ సెంటర్‌కే ఆవిడ చేత ఫోన్ చేయించండి. పక్కనే కూర్చుని ఆవిడ తిట్లు వినండి. మా గోదారోళ్లు తిట్టేటప్పుడు కూడా ‘అండీ’ తగిలిస్తారు కాబట్టి, మీకింకా అవి తిట్లని తెలీలేదు.