‘సంబంధమే ల్యాదన్నా’: టీకాతాత్పర్య సహితం

మూలము: “వెల్డింగుకూ దీనికీ సంబంధమే ల్యాదన్నా. ఇది ఎలక్ట్రికలుది.”

అవతారిక: బేతంచెర్ల నుంచి నాపబండలు తోలే మా బామ్మర్ది లారీకి వెనక కమాను దగ్గర ఛాసీ చీలింది. కర్నూలు బైపాసులో వెల్డింగు పెట్టించాడు. సాయంత్రం తాళం తిప్పితే మీటరు మీద దీపాలన్నీ కార్తీకమాసపు కోనేటిలా వెలిగాయి. ఇంజను మాత్రం పలకలేదు. అప్పుడు వెలువడిన మంత్రమిది. ఋషి వెల్డరు, దేవత బ్యాటరీ, ఛందస్సు గద్యం. చేతులు దులుపుకోవడంలో వినియోగం.

ప్రతిపదార్థము: సులభము గనుక విడిచితిమి. వెల్డింగంటే తెలియనివాడు కర్నూలు–కడప దారిలో లేడు.

టీక: ‘వెల్డింగుకూ, దీనికీ’: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి అని బెత్తం సాక్షిగా అందరం వల్లించినదే. షష్ఠికి అర్థం సంబంధం. సంబంధం లేదని చెప్పడానికి ఆ విభక్తినే రెండుసార్లు వాడవలసి వచ్చింది చూడండి. మనిషి బొంకినా వ్యాకరణం బొంకదు.

‘సంబంధమే ల్యాదు’: ఇక్కడ తార్కికుల గాడిదను తోలుకు రాక తప్పదు. కుండకు మట్టి కారణం, చక్రం కారణం, కుమ్మరి కారణం. మరి మట్టి మోసుకొచ్చిన గాడిద? కుండకు ముందు అది అక్కడ ఉన్నమాట నిజమే గాని, కారణం కాదట. అన్యథాసిద్ధమట. అది లేకపోతే మట్టి బండి మీద తెచ్చుకోవచ్చట. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే కనుక ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు గానీ, నాకు మొదటినుంచీ ఆ గాడిదంటే జాలి. ఎండలో వంక దిగి, గట్టెక్కి, వీపు పుండు చేసుకుని మోసినందుకు దానికి శాస్త్రంలో దక్కిన కీర్తి, కారణం కాకపోవడం! వీధిలో గాడిదపాలు అమ్మేవాళ్లు నయం, పాలకైనా అదే కారణమని ఒప్పుకుంటారు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర, తర్వాత సొంత డబ్బుతో పండితులను కూర్చోబెట్టి ఎన్నో కావ్యాలు పరిష్కరింపజేశాడు. గాడిద పక్షాన ఒక్క టీక రాయించినవాడు లేడు.

ఎక్కడున్నాం? లారీ.

కుండ పుట్టడానికి గాడిద కారణం కాదు, సరే. అదే గాడిద కుండను తన్నితే?

చీలిక వెనక ఉంటే, వెల్డరు ఎర్త్ క్లాంపు ముందు బంపరుకు తగిలించాడు. అదీ పెయింటు మీద. రాడ్డు అంటుకోకముందు వెల్డింగు మిషను కొసల మధ్య 60 నుంచి 80 వోల్టులుంటాయి, అంటుకున్నాక పారేది 100 యాంపియర్లకు పైమాటే. ఆ కరెంటు క్లాంపును వెతుక్కుంటూ ఛాసీ పొడవునా నడిచి, దారిలో దొరికిన ఎర్త్ వైర్లలోకి దూరింది. బండి 24 వోల్టులది, దాని సెన్సార్లు 5 వోల్టులతో బతికేవి. ఇంజను కంప్యూటరు పోయింది, ఆల్టర్నేటరులో డయోడ్లు పోయాయి. పాత లారీల డీజిలు పంపు ఒట్టి ఇనుము, ఏ వెల్డింగుకైనా తట్టుకునేది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చేవన్నీ బీఎస్-6 బండ్లు, కంప్యూటరు లేనిదే కదలవు. వెల్డరుకు గురువు చెప్పిన శాస్త్రం పాతది, కొత్తది ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ టెర్మినళ్లు విప్పాలి, కంప్యూటరు కనెక్టర్లు ఊడదీయాలి, క్లాంపును చీలిక పక్కనే గీకిన ఇనుముకు పట్టించాలి. ఇంతే కదయ్యా! ఒక్క స్పానరు, పది నిమిషాలు!

(వ్యాఖ్యాత కేకలు వేయరాదు. క్షంతవ్యుణ్ణి.)

పాఠాంతరము: “వెల్డింగు వల్లే పోయింది సార్, వారంటీ రాదు.” ఇది షోరూము ప్రతిలోని పాఠం. వీరు షష్ఠిని వదిలి నేరుగా పంచమి పట్టారు. బైపాసులో ద్వైతం, షోరూములో అద్వైతం. నడుమ మా బామ్మర్ది, రెండు మతాలకూ దక్షిణ ఇచ్చుకునే గృహస్థు.

తాత్పర్యము: పాఠాలు రెండైనా భావం ఒకటే. ఖర్చు నీదే.

విశేషము: బండి మూడు వారాలుగా కదల్లేదు. ఫైనాన్సు కంతు మాత్రం అయిదో తారీఖున తప్పకుండా కట్టించుకున్నారు. బండి ఆగడానికీ కంతుకూ సంబంధమే ల్యాదట. ఈ ఒక్కచోట మూలం సరిగ్గా సరిపోయింది.