పొట్టు లాగే మోటారు

సరదాకి వడ్రంగం మొదలెట్టినవాడి చేతిలో ముందుగా తయారయ్యేది కుర్చీ కాదు, పొట్టు. మా కారు షెడ్డులో రంపం మిషను దిగీదిగగానే వంటింట్లో పోపులపెట్టె మీద టేకు పొడి పేరుకుంది. "టేకు సామాను ఏం చేశారని ఎవరైనా అడిగితే ఇదే చూపిస్తాను" అంది మా ఆవిడ. దాంతో పొట్టు లాగే బ్లోయర్ కొనాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మోటారు అనేసరికి మనవాళ్లలో నిపుణుడు కానివాడుండడు. "మూడు హార్స్‌పవర్‌కి తగ్గొద్దు బావా" అన్నాడు మా బావమరిది. మిక్సీ కొన్నప్పుడూ అదే మాట. మూడు హార్స్‌పవర్ అంటే 2,238 వాట్లు. అదీ మోటారు బయటికిచ్చేది. మీటరు లెక్కలో ఇంకా ఎక్కువే పడుతుంది. స్విచ్ వేసిన క్షణంలోనైతే మామూలు కరెంటుకి ఐదారు రెట్లు గుంజుతుంది. "గీజరు లైనుకి కలిపేద్దామా సార్?" అన్నాడు ఎలక్ట్రీషియన్ ఉత్సాహంగా. ఆ ఉత్సాహానికే భయమేసి, విడిగా లైను, విడిగా ఎంసీబీ అని ఖరారు చేశాను.

పోనీ కొనే బదులు అమెరికావాళ్ల ప్లాను చూసి బ్లోయర్ మనమే చేసేద్దామంటే వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడ నిమిషానికి 3,450 చుట్లు తిరిగే రకం మోటారు ఇక్కడ 2,850 దగ్గరే ఆగిపోతుంది. వేగం ఆరోవంతు తగ్గితే గాలీ ఆరోవంతు తగ్గుతుంది; లాగే బలం మాత్రం దాదాపు మూడోవంతు పడిపోతుంది. ఆ లోటు పూడ్చాలంటే లోపలి రెక్కల చక్రం పెద్దది కావాలి. చక్రం ఏమాత్రం పెరిగినా మోటారు మీద భారం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అసలు కీలకం పైపులో ఉంది. నాలుగంగుళాల పైపు పెట్టాక వెనక ఎంత పెద్ద మోటారున్నా అందులోంచి దూరే గాలికి ఒక హద్దుంది. ఆరంగుళాల పైపైతే దారి రెండుంపావు రెట్లు. ముడతల గొట్టం ఎంత పొడవు పెడితే గాలి అంత నీరసిస్తుంది. ఇదంతా ఓపిగ్గా చెబితే "మోటారు పెద్దది పెట్టుకుంటే ఈ లెక్కలెందుకు బావా?" అన్నాడు బావమరిది.

కంటికి కనబడే పొట్టుకి చీపురు చాలు. ఊపిరితిత్తుల్లోకి దిగేది కనబడని సన్నపొడి. చెక్కపొడి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఆ పొడిని పట్టాలంటే గాలి దండిగా కదలాలి. అందుకే మోటారు రెండు హార్స్‌పవర్‌కి దించి, మిగిలిన డబ్బు ఆరంగుళాల పైపుకీ మంచి ఫిల్టరుకీ పెట్టాను.

బిగించిన రోజు ఎలక్ట్రీషియన్ వైరుకి క్లాంప్ మీటరు తగిలించాడు. పైపు గేటు మూస్తే మోటారు గింజుకుంటుందనీ, ఆంపియర్లు పెరుగుతాయనీ అందరం ఊపిరి బిగబట్టి చూశాం. తీరా మూస్తే తగ్గాయి! ఈ బ్లోయర్ మోసే బరువు గాలే కదా. గాలి రాకపోతే దానికి పని లేదు. పై అధికారి సెలవు పెట్టిన ఆఫీసులా హాయిగా తిరుగుతూ ఉంటుంది.

బావమరిది కళ్లు మెరిశాయి. "అయితే గేట్లన్నీ మూసేసే నడుపు బావా, కరెంటు బిల్లు కలిసొస్తుంది!"

"మీ బావ చేత రంపం కూడా మానిపించు, ఇంకా కలిసొస్తుందిరా" అంది మా ఆవిడ.