కలం ఖాళీ!

విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు చలం 1940లోనే ‘యోగ్యతాపత్రం’ రాసిచ్చారు. పుస్తకం అచ్చయింది మాత్రం 1950లో. ముందుమాటకు పదేళ్ల ఎదురుచూపు!

మా కంచరపాలెం రచయిత గారికి ఆ బెంగే లేదు. ముందుమాటలు మూడు, సభకు హాలు, కప్పడానికి శాలువా, టిఫిన్‌కు ఉప్మా... అన్నీ సిద్ధం. అట్ట వెనక ఫొటోలో గడ్డం కింద చెయ్యి కూడా కుదిరింది.

‘ఇంతకీ నవలేదండీ?’ అని అడిగితే నిట్టూర్చారు: ‘రాయడానికి టైమెక్కడిది? పొద్దస్తమానం రచయితగా ఉండటానికే సరిపోతోంది!’

లోపల్నుంచి ఆవిడ కేక: ‘ఖాళీగానే ఉంది కదేటండీ, ఆ పెన్నిలా ఇవ్వండి. పాల లెక్క రాసుకోవాలి!’

ఆ ఇంట్లో ఈ నెల పూర్తయిన రచన అదొక్కటే.