బతికున్నట్టు కాగితం ఉందా?

తప్పంతా హిందీ నటుడు ధర్మేంద్రదే.

2025 నవంబరులో ఓ మంగళవారం పొద్దున ఆయన చేయాల్సిన పని ఒక్కటే. ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రి మంచం మీద నుంచి లేచి, వినోద వార్తల సైట్లన్నింటికీ వరసగా ఫోన్లు చేసి, ‘అయ్యా, నేనింకా ఉన్నాను’ అని విన్నవించుకోవాలి. చేశారా? లేదు. డాక్టర్లు చెప్పినట్టు వింటూ, మందులు వేయించుకుంటూ పడుకున్నారు. ఎనభై తొమ్మిదేళ్లొచ్చిన మనిషికి ఆమాత్రం బాధ్యత లేకపోతే సైట్లవాళ్లు మాత్రం ఎంతసేపని ఆగుతారు? ఆయన పోయారని రాసేశారు.

తర్వాతి సంగతి మీకు తెలిసిందే. నాన్న కోలుకుంటున్నారని కూతురు ఈషా దేఓల్ పోస్టు పెట్టారు. ఇది క్షమించరానిదని భార్య హేమమాలిని మండిపడ్డారు. సంతాపాలు ప్రకటించిన పెద్దలు గబగబా వాటిని తీసేసుకున్నారు. సైట్లు కూడా తప్పు ‘దిద్దుకున్నాయి’. ఆ దిద్దుకున్న తీరు చూడాలి. ‘ఇక లేరు’ పోయి, ఆ చోటే ‘ఆరోగ్యం నిలకడగా ఉంది’ వచ్చింది. అదే లింకు, అదే ఫొటో. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘అప్‌డేటెడ్’ అని ఓ టైము. పొద్దున ఈ మనిషిని చంపింది మేమేనన్న ముక్క ఎక్కడా లేదు. మరి కొందరు ఇంకో మెట్టెక్కి, ‘మరణ వదంతులపై కూతురి ఆగ్రహం’ అని కొత్త వార్త వండారు. ఆ వదంతి పుట్టిల్లు ఎక్కడో వాళ్లకు తెలియదట!

అప్పుడు నాకు ఒళ్లు మండింది ఆ ‘అప్‌డేటెడ్’ దగ్గరే. కానీ కాస్త నిదానంగా ఆలోచిస్తే సైట్ల వాదనలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. ఒక మనిషి బతికి ఉన్నాడని నమ్మడానికి ఆధారం ఏమిటి? పైగా అది నవంబరు నెల. దేశంలో చాలామంది పింఛనుదార్లు బ్యాంకుల ముందు, మీసేవల ముందు కూర్చుని, మేం బతికే ఉన్నామని రుజువు చేసుకునే నెల. ముప్ఫై ఏళ్లు సర్కారు కొలువు చేసిన మాస్టారే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నప్పుడు, సినిమావాళ్లకు మినహాయింపు ఏమిటి?

కాబట్టి నాదొక ప్రతిపాదన. 2014 నవంబరులో కేంద్రం పింఛనుదార్లకు ‘జీవన్ ప్రమాణ్’ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ తెచ్చింది. అదే పద్ధతిలో నటీనటులకు ‘తారా జీవన్ ప్రమాణ్’ తేవాలి. ముసాయిదా నేనే రాశాను, కాపీరైటు అక్కర్లేదు.

అరవై దాటిన ప్రతి నటుడూ, నటీ రోజూ పొద్దున ఆరింటికల్లా వినోద వార్తల డెస్కుకు తాము బతికి ఉన్నట్టు ధ్రువపత్రం పంపాలి. ఆరున్నర దాటితే ‘పరిస్థితి విషమం’ అని, ఏడు దాటితే ‘కన్నుమూత’ అని రాసుకునే హక్కు డెస్కుకు ఉంటుంది. పింఛను వ్యవహారంలో ఎనభై దాటినవాళ్లకు ఓ నెల ముందే, అక్టోబరు ఒకటి నుంచే, పత్రం ఇచ్చుకునే వెసులుబాటు ఉంది. ఇక్కడా పెద్దల పట్ల ఆ గౌరవం పాటిద్దాం. ఎనభై దాటినవాళ్లు రోజుకు మూడు పూటలా పంపొచ్చు.

ఆసుపత్రిలో చేరినవాళ్లకు గంటగంటకూ హాజరు. ముఖం చూపించి రెప్ప వేస్తే ఫోనే గుర్తుపట్టే సౌకర్యం పింఛనుదార్లకు ఇప్పటికే ఉంది. దాన్నే ఐసీయూలోకి పట్టుకెళ్లాలి. వెంటిలేటర్ మీద ఉన్నారనీ, మత్తులో ఉన్నారనీ సాకులు చెల్లవు. రెప్ప పడకపోతే వార్త పడుతుంది. వేలిముద్ర పద్ధతి కోరుకున్నవాళ్లకు అదీ ఉంటుంది. వేలు వాళ్లది, థంబ్‌నెయిల్ మనది.

దరఖాస్తుతో పాటు మూడు పాస్‌పోర్టు సైజు ఫొటోలు జతచేయాలి. నలుపు తెలుపువైతే మరీ మంచిది, రేపు దండ వేయడానికి డెస్కుకు శ్రమ తప్పుతుంది. గెజిటెడ్ అధికారి సంతకం తప్పనిసరి. సదరు నటుడు శ్వాస తీసుకుంటుండగా తాను స్వయంగా చూశానని తహసీల్దారు ముద్ర వేయాలి. ఇద్దరు హీరోలు జామీను ఉండాలి. అందులో ఒకరికి ఈ సంవత్సరం హిట్టు పడి ఉండాలి, లేకపోతే ఆ జామీనుకు క్లిక్కులు రావు.

పత్రాలన్నీ సక్రమంగా ఉన్నా, మనిషి పూర్తిగా బతికి ఉన్నాడని రాయడం పాత్రికేయ ధర్మానికి విరుద్ధం. ‘బతికే ఉన్నట్టు సమాచారం’ అని రాయాలి. చివర్లో ‘దీనిపై మరిన్ని వివరాలు తెలియాల్సి ఉంది’ అని చేర్చాలి. చావు విషయంలో మాత్రం ఈ జాగ్రత్తలు పనికిరావు. చావు ఎప్పుడూ ధ్రువీకృతమే.

పొరపాటున చనిపోయినవాళ్లు ఫిర్యాదు చేసుకోవచ్చు. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం డిజిటల్ వార్తాసంస్థకు ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి. ఫిర్యాదు అందిన పదిహేను రోజుల్లో ఆయన ఏదో ఒకటి తేల్చాలి. బాగుంది కదా? పదకొండో రోజుకు పెద్దకర్మ భోజనాలు కూడా అయిపోతాయి. ఆ తర్వాత నాలుగు రోజులకు మనిషి ఉన్నాడా లేడా అన్నది తేలుతుంది. తొందరున్నవాళ్లకు తత్కాల్ కోటా పెట్టొచ్చు. అదనపు రుసుము కడితే పెద్దకర్మ లోపే కాదు, చిన్నకర్మ లోపే బతికించేస్తారు.

ఈ విధానానికి పూర్వ ప్రమాణాలు లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే రైతును 1970ల్లో రెవెన్యూ రికార్డుల్లో చనిపోయినట్టు రాసేశారు. తాను బతికే ఉన్నానని అధికారుల చేత కాగితం మీద ఒప్పించడానికి ఆయనకు 1994 దాకా పట్టింది. ఆ మధ్యలో ఆయన పేరు చివర ‘మృతక్’ అని తగిలించుకుని, తనలాంటివాళ్లతో ఒక సంఘమే పెట్టారు. మన సినిమావాళ్లకు సంఘాలకేం కొదవ? ఒక విభాగం తెరిస్తే సరి. సభ్యత్వ అర్హత: సైటులో కనీసం ఒకసారైనా చనిపోయి ఉండాలి.

మన తెలుగువాళ్లు అయితే ఈ పద్ధతిని ఎప్పుడో అమలుచేశారు. 2023 మార్చిలో, ఉగాదికి ముందు రోజు, నటుడు కోట శ్రీనివాసరావును వార్తల్లో చంపేశారు. ఎనభై ఏళ్ల ఆయన కెమెరా ముందు కూర్చుని, నేను బతికే ఉన్నాను బాబూ అని వీడియో ఇచ్చుకున్నారు. బందోబస్తు కోసం ఇంటికి పోలీసులు కూడా వచ్చారని ఆయనే చెప్పారు. అదీ క్రమశిక్షణంటే. చంపిన రోజే, రుసుము అడగకుండా, సొంత గొంతుతో లైఫ్ సర్టిఫికెట్. సైట్లు ఆ వీడియోను కూడా వదిలిపెట్టలేదు. ‘తన మరణవార్తపై కోట ఏమన్నారంటే..’ అని పెట్టి వ్యూస్ దండుకున్నాయి. చంపినందుకు ఒక విడత, బతికినందుకు ఒక విడత. మనిషి ఒక్కడే, పంటలు రెండు.

అదే ఏడాది మే మొదటి వారంలో నటుడు శరత్‌బాబు వంతు వచ్చింది. ఆయన ఆసుపత్రిలో ఉన్నారు, వీడియో ఇచ్చే స్థితిలో లేరు. అందుకని పత్రం దాఖలు చేసే పని కుటుంబం మీద పడింది. ఒక పక్క ఆసుపత్రి, ఇంకో పక్క ఫోన్లు. మా మనిషి ఉన్నాడండీ, ఉన్నాడండీ అని ఊరందరికీ చెప్పుకోవడం. ఆ నెల 22న ఆయన నిజంగానే పోయారు.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతుంది.

ఆ కుటుంబం ఆ మాట రెండుసార్లు వినాల్సి వచ్చింది. మొదటిసారి విన్నది అబద్ధం. రెండోసారి విన్నప్పుడు, ఇదైనా నిజమేనా అని జనం ముందు అనుమానించి ఉంటారు. నిజంగా పోయిన మనిషికి దక్కాల్సిన కన్నీటి చుక్కను కూడా కల్తీ చేసిన ఘనత ఎవరిది? ఆ సైట్లలో ఏ ఒక్కటి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి ‘తప్పు మాది’ అంది?

పాత పత్రికలు దేవుళ్లేం కావు. కానీ అచ్చయిన సిరా చెరగదు గనుక, తప్పు రాస్తే మర్నాడు ‘సవరణ’ అని వేయక తప్పేది కాదు. తప్పు దిద్దుకోవడంలో జాప్యం ఉండకూడదని, దిద్దుబాటు తగినంత ప్రముఖంగా కనపడాలని, పెద్ద తప్పయితే విచారం కూడా ప్రకటించాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. సైటుకు చెరిపే సౌకర్యం వచ్చింది. సౌకర్యంతో పాటు సిగ్గు కూడా చెరిగిపోయింది. పొద్దున లక్షల ఫోన్లలో గంట మోగించి చావు కబురు పంపినవాళ్లకు, మధ్యాహ్నం అవే ఫోన్లలో మళ్లీ గంట మోగించి ‘మేం అబద్ధం చెప్పాం’ అనడానికి ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. ఒక్క మీట చాలు. నొక్కరు. చావు మీద ప్రకటన అమ్ముడవుతుంది, క్షమాపణ మీద అమ్ముడుపోదు.

ఒక్క ఫోను. ఆసుపత్రికో, ఇంటికో, మేనేజరుకో. ఇది విలేకరి పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. ఆ ఒక్క ఫోను చేయని బద్ధకానికి వేగం అని పేరు పెట్టుకున్నారు. ఆ బద్ధకానికి పరిహారం మాత్రం రోగి మంచం పక్కన కూర్చున్న భార్య, కూతురు చెల్లించుకోవాలి. తప్పు చేసినవాడు రుజువు చూపించనక్కర్లేదు, బలైనవాడు చూపించాలి. దీన్ని పొరపాటు అనకండి. పొరపాటైతే ఒకసారి జరుగుతుంది. ఇది వ్యాపారం.

అందుకని సంపాదకులకు ఓ మాట. అబద్ధం ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో దిద్దుబాటు అంత పెద్ద అక్షరాల్లో వేయండి. అదే లింకులో, పైనే, ‘ఈయన చనిపోయారని ఫలానా గంటకు మేం తప్పుగా రాశాం, కుటుంబాన్ని క్షమాపణ అడుగుతున్నాం’ అని రాయండి. మొదటి కబురు అందిన ప్రతి ఫోనుకూ రెండో కబురు పంపండి. పాఠకులకూ ఓ మాట. ఇంట్లోవాళ్లో, ఆసుపత్రో చెప్పేదాకా ఎవరి చావు వార్తనూ మీ వాట్సాప్ గ్రూపులోకి తోయకండి. మీరు నొక్కకపోతే వాళ్లకు అమ్ముడవదు.