మూడు ఫేజులూ వచ్చేశాయని బోర్డును నమ్మించడం ఎలా

త్రీఫేజ్ ఎప్పుడొస్తుందా అని చేనుగట్టున కూర్చుని కాపలా కాయడం పాతకాలపు పని. ఒక ఆర్డుయినో బోర్డు, ఒక జీఎస్ఎం మాడ్యూలు, ఒక రిలే తెచ్చి స్టార్టరు డబ్బా పక్కన బిగిస్తే చాలు. కరెంటు రాగానే ఫోనుకు మెసేజ్ వస్తుంది, బోరు మోటారు తనంతట తనే ఆన్ అవుతుంది. మిగిలిన చిక్కల్లా ఒక్కటే: లైన్లో ఉన్నది 415 వోల్టులు, బోర్డు పిన్ను తట్టుకునేది 5. ఈ కాస్త తేడాను సర్దుకోవడానికే ఈ సలహాలు. వీటిని పాటిస్తే మీ బోర్డు ఎప్పుడడిగినా "కరెంటు ఉంది" అనే అంటుంది. లేదనే మాట మీ చెవిన పడదు.

ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉండేది 230. దాన్ని 230గానే లెక్కేయండి. అది ఆర్ఎంఎస్ విలువ అనీ, అల శిఖరం 325 దాకా పోతుందనీ అనేది పుస్తకాల పురుగుల చాదస్తం. 470 కిలో ఓములు, 10 కిలో ఓములు వరసగా కలిపి మధ్యనుంచి తీగ లాగితే 4.8 వోల్టులొస్తాయి. 5 లోపలే కదా! శిఖరం దగ్గర అది 6.8 అవుతుంది, కింది సగంలో మైనస్ 6.8 అవుతుంది. పరవాలేదు, పిన్ను లోపల రక్షణ డయోడ్లున్నాయి, చిప్పు చేసినవాళ్లు మన ధీమా కోసమే పెట్టి ఉంటారు. ఇందులో ఇంకో లాభమూ ఉంది. ఫేజు వోల్టేజీ 170 దాటిందంటే కొలత, బోర్డు చూపగల పెద్ద అంకె 1023 దగ్గర ఆగిపోతుంది. ఫేజులో 175 ఉన్నా 1023, 230 ఉన్నా 1023, 280 ఉన్నా 1023. వైండింగు మాడిపోయేంత లో వోల్టేజీ వచ్చినా తెరమీది అంకె చెక్కుచెదరదు. పావు వాటు రెసిస్టరు మామూలుగా 250 వోల్టులకు మించి భరించదంటారు. అందుకని రెండు మూడు రెసిస్టర్లుగా విడగొట్టి వరసగా పెట్టేవాళ్లున్నారు. రెసిస్టర్లమ్మే కొట్టువాడికి మేలు చేయడం తప్ప అందులో ఏముంది?

గ్రౌండు విషయానికొద్దాం. బోర్డు గ్రౌండును నేరుగా న్యూట్రల్‌కు కలిపేయండి, కొలవడం సులువవుతుంది. న్యూట్రల్ అంటే సున్నా కదా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ జాయింటు వదులైనా, ఎర్త్ గుంత ఎండిపోయినా, డబ్బాలో ఎవరో ఫేజూ న్యూట్రలూ తారుమారు చేసినా ఆ సున్నా కాస్తా 230 దాకా పోవచ్చు గానీ, అవన్నీ మనూళ్లో జరిగే పనులా? ప్రోగ్రాము మార్చాల్సి వస్తే తడి మడిలో చెప్పుల్లేకుండా నిలబడి, ల్యాప్‌టాప్‌ను యూఎస్‌బీ కేబులుతో బోర్డుకు తగిలించండి. అప్పుడు బోర్డుకూ ల్యాప్‌టాప్‌కూ మీకూ గ్రౌండు ఒకటే అవుతుంది.

ఇంత ధైర్యం లేనివాళ్లు పీసీ817 అనే నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్ వాడతారు. లోపల ఒక ఎల్ఈడీ, దానికెదురుగా ఒక ట్రాన్సిస్టరు, మధ్యలో తీగ అనేది లేదు, వెలుతురే వార్తాహరుడు. అయిదు వేల వోల్టుల ఐసొలేషన్ దాని గొప్ప. కొన్ని రూపాయలకు దొరికే ఆ వస్తువును కొని కూడా వృథా చేసే మార్గాలున్నాయి. అన్నిటికన్నా తేలికైనది రెండు వైపుల గ్రౌండ్లనూ కలిపేయడం. ఆ తర్వాత ఎల్ఈడీకి వరసలో 100 కిలో ఓముల పావు వాటు రెసిస్టరు ఒక్కటే పెట్టండి. 230 వోల్టుల మీద అది అర వాటుకు పైగా వేడి పుట్టిస్తుంది. పావు వాటు దానికి అర వాటు పని చెబితే కొన్నాళ్లకు నల్లబడి మానేస్తుంది, మీ ఆప్టోకు విశ్రాంతి దొరుకుతుంది. ఎల్ఈడీ తిరగేసిన వోల్టేజీని 6 దాకానే ఓర్చుకుంటుంది కాబట్టి, ఎదురు దిక్కులో ఒక డయోడ్ పెట్టమని డేటాషీటు చదివినవాళ్లు బతిమాలతారు. రూపాయి డయోడ్ కోసం మళ్లీ టౌనుకెవరు పోతారు? అవుట్‌పుట్ వైపు పుల్-అప్ రెసిస్టరు కూడా వద్దు. అది లేకపోతే పిన్ను గాల్లో వేలాడుతూ, మీరు చెయ్యి దగ్గరికి తెస్తే ఒక మాట, తీస్తే ఒక మాట చెబుతుంది.

ఆప్టో నుంచి వచ్చేది నిలకడైన సంకేతం కాదు. సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతుంది, ప్రతి 20 మిల్లీసెకన్లలో సగం సేపు మౌనమే. నిమిషానికోసారి ఒక్కసారి మాత్రం పిన్ను చదవండి. మౌనం తగిలితే కరెంటు పోయినట్టు, పలుకు తగిలితే వచ్చినట్టు. ఓ 40 మిల్లీసెకన్లు గమనించి, ఒక్క పలుకైనా వినబడితే ఉన్నట్టు లెక్కగట్టేవాళ్లకు ఇలాంటి ఉత్కంఠ దక్కదు.

అసలు విద్య మూడో ఫేజు, అంటే ఆర్, వై, బీలలో బీ దగ్గరుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బీ ఫేజు ఫ్యూజు పోయిందనుకోండి. పక్క చేను ఆసామి మోటారు అప్పటికే లైన్ మీద ఉంది. ఆర్, వై ఫేజుల నుంచి ఆయన వైండింగులోకి దూరిన కరెంటు, చచ్చిపోయిన బీ తీగలోకి వెనకదారిన వస్తుంది. ఆయన మోటారు తిరగక మూలుగుతుంటే బీ మీద సుమారు సగం, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తాయి. తిరుగుతూ ఉంటే దాదాపు నిండు వోల్టేజీయే కనిపించవచ్చు. ఎవరైనా కండెన్సరు తగిలించి రెండు ఫేజుల మీదే మోటారు లాగిస్తున్నారంటే మీ అదృష్టం ఇంకా పండినట్టే. ఆప్టో ఎల్ఈడీకి ఇది దొంగ ఫేజని తెలియదు. 115 వోల్టులకూ హాయిగా వెలుగుతుంది. మూడు పిన్నులూ "ఉంది" అంటాయి, మీ మోటారు రెండు ఫేజుల మీద బయల్దేరుతుంది, తిరగదు, వేడెక్కుతుంది.

అనుమానపు మనుషులు ఇక్కడా టైమరు పెడతారు. అసలైన మూడు ఫేజులు ఒకదాని వెనక ఒకటి 6.67 మిల్లీసెకన్ల ఎడంతో వస్తాయి. ఆగిన మోటారులోంచి వచ్చిన దొంగ ఫేజు ఆర్ తర్వాత మూడు మిల్లీసెకన్లకే, వై కంటే ముందే తొంగిచూసి దొరికిపోతుంది. రెండు తీగలు తారుమారై మోటారు వెనక్కి తిరిగే ప్రమాదాన్నీ ఇదే లెక్క పట్టేస్తుంది. పది వరసల ప్రోగ్రాముకు ఇన్ని తెలివితేటలెందుకని మీరు పక్కన పెట్టేయండి.

ఇంత చెప్పినా వినకుండా వోల్టేజీని నిజంగానే కొలిచే మొండివాళ్లకు ఒక మాట. ఆపడానికీ ఆన్ చేయడానికీ ఒకే అంకె పెట్టుకోండి, ఫేజుకూ ఫేజుకూ మధ్య 350 అనుకుందాం. మోటారు బయల్దేరేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, బోర్డు ఆపేస్తుంది. ఆపగానే వోల్టేజీ లేస్తుంది, బోర్డు మళ్లీ ఆన్ చేస్తుంది. కాంటాక్టరు టకటకలాడుతుంటే చేను చివరన ఉన్నా మోటారు దగ్గర ఏదో జరుగుతోందని మీకు తెలుస్తుంది. పాయింట్లు అతుక్కుపోయాక ఆ చప్పుడూ ఉండదు. 350కి ఆపి 380కి ఎక్కించడం, బయల్దేరిన మొదటి కొన్ని సెకన్లు కొలత పట్టించుకోకపోవడం ఈ సంగీతాన్ని చెడగొడతాయి.

కరెంటొచ్చిన క్షణంలోనే మోటారు ఆన్ కావాలి, ఒక్క సెకను కూడా ఆలస్యం వద్దు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా మొత్తుకున్నారు. భూగర్భ జలాల కోసమన్నారు, లోడు కోసమన్నారు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే ఐదారు రెట్లు కరెంటు లాగితే ఏమవుతుందో ఫ్యూజులు వేసే లైన్‌మన్‌కు తెలుసు. అది ఆయన ఉద్యోగం. మీ బోర్డులో ఒకటి నుంచి అయిదు నిమిషాల దాకా ఏదో ఒక ఆలస్యాన్ని లాటరీ వేసినట్టు ఎంచుకునే రెండు వరసలు రాస్తే, పక్కాయన నీళ్లు ముందు తోడేసుకుంటాడు.

ఇక మెసేజ్. అందులో వోల్టులు, ఆంపియర్లు పెట్టి ఇంట్లోవాళ్లను కంగారు పెట్టకండి. మోటారు తీగ చుట్టూ సీటీ కాయిలు తొడిగి, అది లాగుతున్న కరెంటు చూస్తే దొంగ ఫేజూ తెలుస్తుంది, నీళ్లు లేకుండా తిరగడమూ తెలుస్తుంది. అయినా రిలేకు ఆజ్ఞ ఇచ్చాక అంత ఆరా దేనికి? "మోటార్ ఆన్" అని రెండు ముక్కలు చాలు. మోటారు తిరిగిందో లేదో సాయంత్రం మడిలో చూసుకోవచ్చు.