మీరూ గ్రూపు కట్టండి సార్!

పడమటి ప్రకాశంలో వానకు టైము లేదు. నీళ్ల ట్యాంకరుకు టైము లేదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు టైముకు వస్తే జనం గడియారాన్ని అనుమానిస్తారు. చెప్పిన టైముకు వచ్చేది ఒక్కటే, వారం కిస్తీ వసూలు చేసే సారు మోటారు సైకిలు. పొద్దున ఏడన్నాడంటే ఏడే. కంభంలో ఏడు, గిద్దలూరులో ఏడు, నల్లమల అంచు తండాలోనూ ఏడే. ఈ కరువు సీమలో సమయపాలన అనేది బతికుంటే అది ఆ బండి చలవే. అందుచేత సూక్ష్మరుణాన్ని ఎవరైనా తిడితే నేను ఊరుకోను.

అసలు ఆ సిద్ధాంతమే ఎంత ముద్దుగా ఉంటుందో చూడండి. పేదవాడు పేదవాడిగా ఎందుకున్నాడు? పొలానికి నీళ్లు లేక కాదు. ఊళ్లో పని లేక కాదు. ఆస్పత్రి ఒంగోలులో, రోగం ఇక్కడ ఉండబట్టి అంతకన్నా కాదు. చేతిలో పెట్టుబడి లేక! ఓ పదివేలు పెడితే చాలు, తెల్లారేసరికి వ్యాపారవేత్త. బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో 1976లో ముహమ్మద్ యూనస్ మొదలుపెట్టిన ఈ ఆలోచనకు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అది మన దాకా వచ్చేసరికి బహుమతి అక్కడే ఆగిపోయి, కిస్తీ మాత్రం చేరింది.

అప్పు కాగితంలో ఒక గడి ఉంటుంది, ‘రుణ ప్రయోజనం’ అని. ఆ గడి నిండే తీరు తెలుసుకోకుండా ఆర్థికశాస్త్రం చదివి లాభం లేదు.

“ఏం రాయమంటావక్కా?”

“ఏదోటి రాయి నాయనా.”

“పోయినసారి గేదె రాశాం.”

“అయితే ఇంకో గేదె రాయి.”

ఇలా మన ప్రాంతంలో కాగితాల మీద ఈనిన గేదెలన్నీ నిజంగా ఉండుంటే గుజరాత్‌లోని ఆనంద్ నుంచి జనం రైలెక్కి మార్కాపురానికి పాడి శిక్షణకు వచ్చేవాళ్లు. లోపం గేదెలో ఉంది. ఇంటిల్లిపాదీ తాగే నీళ్లకంటే అదొక్కటే ఎక్కువ తాగుతుంది. ఇక్కడేమో బోరు వేస్తే ఫ్లోరైడు, వేయకపోతే ట్యాంకరు. కనిగిరి నుంచి మార్కాపురం దాకా పల్లెల్లో పిల్లల పళ్లకు గార పట్టింది, పెద్దల నడుములు వంగింది ఆ నీళ్లతోనే. తాగడానికి డబ్బా నీళ్లు కొనుక్కునే ఇల్లు గేదెను ఎక్కడ మేపుతుంది? నీళ్లడగని గేదె ఒకటే ఉంది, అది కాగితం మీద గేదె. మనవాళ్లు పెంచేది ఆ జాతినే.

మరి డబ్బు ఏమైందంటారా? బోరుకు పోయింది. గుంటూరు ఆస్పత్రికి పోయింది. కూతురి కాలేజీ ఫీజుకు పోయింది. ఇంకో కంపెనీ కిస్తీకి పోయింది. ఆ చివరిదాన్ని చిన్నచూపు చూడకండి, ఈ సీమలో నష్టమొచ్చినా మూయడానికి వీల్లేని వ్యాపారం అదొక్కటే. సోమవారం కంపెనీకి కట్టడానికి బుధవారం కంపెనీ దగ్గర, బుధవారానికి శుక్రవారం దగ్గర. వసూలు నూటికి తొంభై తొమ్మిది! ఆ తొంభై తొమ్మిదిని చూపించి, ‘చూశారా, పేదరికం ఎలా తగ్గుతోందో’ అని పెద్ద హోటళ్లలో సదస్సులు పెట్టారు. అప్పు తీరిందంటే ఆదాయం వచ్చినట్టేనట. ఆ లెక్కన పుస్తెలు కుదువపెట్టి కిస్తీ కట్టిన మనిషి ఆ వారానికి ఊళ్లో అందరికంటే పెద్ద పారిశ్రామికవేత్త.

నిజంగానే కొట్టు పెట్టినవాళ్లు లేరా? ఉన్నారు. ఒకే వీధిలో అయిదుగురికి అయిదు అప్పులిస్తే అయిదు టిఫిన్ బండ్లు లేచాయి. పొద్దున్నే అయిదు పెనాలూ వేడెక్కుతాయి. తినేవాడేడీ? వాడు హైదరాబాదులో కాంక్రీటు కలుపుతున్నాడు, బెంగళూరులో గోడ కడుతున్నాడు, భార్యాబిడ్డలతో గుంటూరు వైపు మిరపకోతలకు పోయాడు. కొనేవాడు వలసపోయిన ఊళ్లో అమ్మేవాళ్లను తయారుచేయడాన్ని ఉపాధి కల్పన అంటారు.

మార్కాపురానికి వ్యాపారం నేర్పుతామని బయల్దేరినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. దేశంలో ఎక్కడెక్కడి బడిపిల్లల చేతుల్లోనో అక్షరాలు దిద్దించిన పలక ఈ ఊరిది. గని తవ్వినవాళ్లు, రాయి చీల్చినవాళ్లు, చెక్క చట్రం బిగించినవాళ్లు, ఇంతమందికి చేతిలో పని ఉండేది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరినా అది పనే. నోటుపుస్తకాలు వచ్చి పలక మూలన పడ్డప్పుడు ఈ పనివాళ్లకు ఇంకో దారి చూపించాల్సిన పెద్దలెవరూ కనపడలేదు. చాన్నాళ్లకు ఒకతను వచ్చాడు, చేతిలో అప్పు కాగితంతో.

సరే, ఆ పలక మీదే ఒక లెక్క వేద్దాం. 2010 నాటి ఫ్లాట్ వడ్డీ పద్ధతి. అప్పు 10,000. వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. వడ్డీ 1,250 అంటే రూపాయి వడ్డీకి కాస్త అటూ ఇటూ, ఊళ్లో షావుకారు అయిదు రూపాయలు గుంజుతుంటే ఇది ధర్మవడ్డీ కాదూ అనిపిస్తుంది. ఇప్పుడు పలక తిప్పండి. పదివేలు ఏడాదంతా ఆమె దగ్గరుందా? రెండో వారం నుంచే తిరిగిపోతోంది. సగం ఏడాదికి సగం అసలు వాళ్ల పెట్టెలోకి వెళ్లిపోయింది. సగటున ఆమె చేతిలో ఉన్నది అయిదువేల చిల్లర. వడ్డీ మాత్రం పదివేల మీదే. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు దాటింది. దీనిపైన ఫీజు, దానిపైన బీమా. సంతకానికి వేలు ముందుకు చాపిన మనిషికి ఈ రెండో వైపు ఎవరూ చూపించలేదు. పలకకు రెండు వైపులుంటాయని మార్కాపురం దగ్గరే దాచిపెట్టిన ఘనులు వీళ్లు.

ఆ ఘనుల్లో అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో పుట్టిన ఎస్‌కేఎస్ పెద్దది. దాని వ్యవస్థాపకుడు విక్రమ్ ఆకులను టైమ్ పత్రిక 2006లో ప్రపంచంలోని వందమంది ప్రభావశీలుర జాబితాలో చేర్చింది. 2010లో ఆ కంపెనీ షేర్ల మార్కెట్టుకు వెళ్లింది. షేరు 985 రూపాయలు. కావాలన్నవాళ్లు అమ్మే షేర్లకు పదమూడు రెట్లు. వచ్చింది 1,600 కోట్లకు పైగా. పదివేల అప్పులో ఇంత పాడి ఉందని అప్పుడు తెలిసింది. మన కాగితపు గేదె ఉత్తుత్తిది కాదండోయ్, పాలిచ్చింది. పితుక్కున్నది వేరేవాళ్లు, అంతే. పేదల అప్పుతో మదుపుదారులకు లాభాలేమిటని యూనస్ అంతటివాడే అభ్యంతరం చెప్పాడు.

షేరు మార్కెట్లో గంట మోగింది ఆగస్టులో. అక్టోబరుకల్లా ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అప్పులవాళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు. రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలి, ఇంటి ముందు కూర్చుని వసూలు చేయకూడదు, వారం కిస్తీ పోయి నెల కిస్తీ రావాలి, వడ్డీ అసలును మించకూడదు. మంచి మాటలే. అయితే 2006లోనే కృష్ణా జిల్లాలో ఇదే గొడవ రేగి, అధికారులు సూక్ష్మరుణ సంస్థల శాఖలకు తాళాలు వేశారు. ఆ తాళాల చప్పుడు హైదరాబాదుకు వినపడటానికి నాలుగేళ్లు పట్టింది. అదే కిస్తీ నాలుగు రోజులు ఆలస్యమై ఉంటే?

ఆర్డినెన్సు వచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి, కంపెనీలు సర్దుకున్నాయి. అవసరాలు మాత్రం సర్దుకోలేదు. ఆడవాళ్లు అయిదు రూపాయల షావుకారు అరుగు మీదికే తిరిగి వెళ్లారు. ఆయన ఏ ఆర్డినెన్సుకూ అందడు. ఆయనకు రిజిస్టరూ లేదు, షేరూ లేదు.

పుణ్యకాలం ఎల్లకాలం ఉండదు కదా. ఆ దెబ్బ తర్వాత రిజర్వు బ్యాంకు వడ్డీకి పెట్టిన కట్టడి 2022లో ఎత్తేసింది. ఎవరి రేటు వాళ్లే, సమంజసంగా ఉంటే చాలునట. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం తన రాబడిలో సగం దాకా కిస్తీలకు కట్టొచ్చునట. ఆ రాబడి ఎంతో రాసేదెవరు? గేదె రాసిన అబ్బాయే. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వర్తించదని తేల్చింది. మోటారు సైకిళ్లు మళ్లీ బయల్దేరాయి. ఎస్‌కేఎస్ ఈలోగా పేరు మార్చుకుని, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. కంపెనీకి పేరు మార్చుకునే వీలుంది. అప్పు తీసుకున్న లక్ష్మమ్మలు ఆధార్ కార్డుతో పుట్టారు.

పండితులు ఏమన్నారో కూడా చెప్పుకుందాం. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరికొందరితో కలిసి హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుని, సగం బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిపించి, మిగతా సగంతో పోల్చి చూశారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధన సారం ఇది: ముందే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కాస్త పెంచుకున్నారు, కొందరు ఇంట్లోకి వస్తువులు కొనుక్కున్నారు, ఇంటి ఖర్చు స్థాయి, పిల్లల చదువు, ఆడవాళ్ల మాట చెల్లుబాటు చెప్పుకోదగ్గంతగా మారలేదు. ఆ ఇద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది. అప్పు పేదరికాన్ని పోగొడుతుందన్నందుకు ఒక నోబెల్, పోగొట్టలేదని లెక్కతేల్చిన పండితులకు ఇంకొకటి. మధ్యలో కిస్తీలు కట్టినవాళ్లకు కనీసం ఒక జ్ఞాపిక కూడా లేదు.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని మాత్రం అనకండి. దానికీ గ్రూపులున్నాయి, డ్వాక్రా. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించిన ఊపులో, రోజుకు రూపాయి దాచుకుంటూ పెరిగిన పొదుపు సంఘాలవి. వాటికి పావలా వడ్డీ వచ్చింది, సున్నా వడ్డీ వచ్చింది, అన్నీ వచ్చాయి. ఓట్లూ వచ్చాయి. 2014లో రుణమాఫీ అన్నారు, ‘కట్టకండమ్మా’ అన్నారు. అమ్మలు కట్టలేదు. మాఫీ రాలేదు. బ్యాంకులో వడ్డీ మాత్రం వచ్చింది. ఆనక పసుపు–కుంకుమ అని పదేసి వేలు, చివరి చెక్కులు సరిగ్గా ఎన్నికల ముంగిట. తర్వాతి ప్రభుత్వం ఆసరా అంది. ఏ తేదీ నాటి అప్పు తీరుస్తారు? 2019 ఏప్రిల్ 11 నాటిది. ఆ రోజు ప్రత్యేకత ఏమిటా అని పంచాంగం తిరగేయనక్కర్లేదు, అది పోలింగు రోజు. ఏ బ్యాంకు మేనేజరుకైనా ఇంత నిక్కచ్చి అయిన తేదీ తోచిందా?

మోటారు సైకిలు మీద వచ్చే కుర్రాణ్ని నేనేమీ అనను. గిద్దలూరులోనో కంభంలోనో డిగ్రీ చదివిన పిల్లాడు. నెలకింత వసూలు చేయకపోతే వాడి జీతమే తెగుతుంది. ఆ బండి కూడా వాయిదాల మీదే. వాడు అక్కయ్యల గుమ్మంలో నిలబడితే, ఫైనాన్సు వాళ్లు వాడి గుమ్మంలో.

నాకు మాత్రం ఈ పద్ధతిలో బాగా నచ్చింది ఒకటుంది, గ్రూపు పూచీ. అయిదుగురు ఆడవాళ్లు, ఒక గ్రూపు. తాకట్టు అక్కర్లేదు. ఒకరు కట్టకపోతే నలుగురూ కట్టాలి. కట్టేదాకా మీటింగు కదలదు, పొయ్యి మీది అన్నం మాడినా సరే. ఎంత గొప్ప యంత్రాంగం! దీన్ని కేవలం పదివేల అప్పులకు వాడటం వృథా. పెద్దపెద్ద బాకీలకు వాడాలి.

మన ప్రాంతానికి రావాల్సిన పెద్ద బాకీ ఒకటుంది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కిందుగా, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లు దాటిన రెండు సొరంగాల్లో కృష్ణా నీళ్లు తెచ్చి, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి గొంతులు తడపాలి. రుణ ప్రయోజనం గడిలో నిఖార్సయిన మాట. 1996లో శంకుస్థాపన. 2024 మార్చిలో, ఎన్నికలకు ముందు, సొరంగాలకు ప్రారంభోత్సవం. మధ్యలో 28 ఏళ్లు. ప్రారంభోత్సవం నాడు సొరంగం వచ్చింది, రిబ్బను వచ్చింది, నీళ్లు రాలేదు. పునాదిరాయి కూడా ఒకరకంగా కాగితపు గేదే.

ఈ 28 ఏళ్లలో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టండి. చంద్రబాబు, రాజశేఖరరెడ్డి, రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్. సరిగ్గా అయిదుగురు! గ్రూపు దానంతటదే కుదిరింది. ఇద్దరు మన మధ్య లేరు. కానీ రూలు రూలే, ఉన్నవాళ్లు కట్టాలి.

మీటింగు ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి, దోర్నాల దగ్గర చెట్టు కింద. కుర్చీలుండవు, పట్టా మీద వరసగా కూర్చోవాలి. ముందు అందరూ ప్రమాణం చదవాలి: తెచ్చిన డబ్బు చెప్పిన పనికే వాడతాము, సమయానికి కడతాము, తోటి సభ్యులకు తోడుంటాము. ‘అది గత ప్రభుత్వం చేసిన పని’ అంటే చెల్లదు. గత ప్రభుత్వం కూడా గ్రూపు సభ్యురాలే. ‘మా హయాంలో డెబ్బై శాతం చేశాం’ అన్నా చెల్లదు, లక్ష్మమ్మ ఎప్పుడైనా డెబ్బై శాతం కిస్తీ కట్టి ఇంటికి పోయిందా? వెలిగొండ నిర్వాసితులకు పరిహారం చెల్లించని వారం గ్రూపుకు టీ ఇవ్వబడదు. మాఫీ అసలే లేదు. సెంటర్ లీడరుగా తండా నుంచి ఒక పెద్దమనిషి ఉంటుంది, ఆమెకు వేలిముద్ర తప్ప రాదు గానీ బాకీలన్నీ నోటికి వచ్చు.

ఈ పథకాన్ని మార్కాపురం ఆడవాళ్ల ముందు పెడితే ఒప్పుకుంటారో లేదో నాకు అనుమానమే. వాళ్ల దగ్గర పరపతి అంటే ఆషామాషీ కాదు. మూడు వారాలు ఎగ్గొట్టిన మనిషినే గ్రూపులోకి రానివ్వరు. ఇరవై ఎనిమిదేళ్లు ఎగ్గొట్టినవాళ్లకు పూచీ ఎవరుంటారు? అయిదొందల ఏళ్ల కిందట వరదరాజమ్మ కంభం చెరువు కట్టించిందంటారు, ఆ పరపతి ఇప్పటికీ చెల్లుతోంది. మీ పేరు మీద పదివేలు కూడా పుట్టవు సార్, పుట్టకూడదు.

చేర్చుకోవాలంటే ఒకటే దారి. పాత బాకీలో ముందు ఒక్క కిస్తీ కట్టండి. రూపాయల్లో వద్దు, నీళ్లల్లో కట్టండి. ఆ తర్వాత ఏ వ్యాపారం పెట్టుకోవాలో మా ఆడవాళ్లకు తెలుసు. దానికి మీ అప్పూ అక్కర్లేదు, మీ ఆసరా అంతకన్నా అక్కర్లేదు.